బావ బిగించిన గేరు

ఎల్బీనగర్
22 సెప్టెంబర్ 2011

తమ్ముడు లింగస్వామికి,

నీ అక్క యాదలక్ష్మి దీవించి రాస్తున్న సంగతులు. ఇంట్లో అందరం బాగున్నాం. బాగాలేనిది నీ ఫోను ఒక్కటే. నీ గొంతు విని రెండు వారాలు దాటింది. మీ కొండల మీద సిగ్నల్ ఉండదని తెలుసు. అయినా ఎప్పుడో ఒకసారి లారీ తీసుకొని కిందికి దిగినప్పుడు చేసేవాడివి కదా. అందుకే పెన్ను పట్టాను. పదో తరగతి తర్వాత నేను ఇంత రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే నువ్వు నవ్వుకో, మీ మిలిటరీ దోస్తులకు మాత్రం చూపించకు.

ఇక్కడ తెలంగాణ సమ్మె సంగతి వినే ఉంటావు. ఆఫీసులు బంద్, బడులు బంద్, సోమవారం నుంచి బస్సులూ బంద్. మీ బావ బస్సు డిపోలో పానాలు కింద పెట్టి వచ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషిని పగటిపూట ఇంట్లో ఇంతసేపు చూడటం నాకు ఇదే మొదలు. పొద్దున ధర్నాకు పోయి వస్తాడు. ఆ తర్వాత ఏం చేయాలో తోచదు. మొన్న నా మిక్సీ విప్పాడు. బాగున్న మిక్సీ! నేను మొత్తుకుంటే దాన్ని బిగించి ఫ్యాను వైపు చూడటం మొదలుపెట్టాడు. ఇట్లయితే ఇల్లు మిగలదని, వరండాలో నువ్వు కప్పిపెట్టి పోయిన మోటారు బండిని చూపించాను. నా ఇల్లు బతికింది, నీ బండి దొరికిపోయింది.

ఇప్పుడు దాని ఇంజను ముక్కలు ముక్కలుగా వరండా అంతా ఉంది. మా అత్తమ్మ పెంటమ్మ ధర్నాల్లో ముందు వరుస మనిషి కదా, ఊరుకుంటుందా?

"సమ్మెల ఉండి మళ్ల పానా పట్టుడేందిరా? ఎవలన్న జూస్తె ఏమనుకుంటరు?" అన్నది.

మీ బావ తల ఎత్తలేదు. "సర్కారు బస్సు ముట్టనన్న గని, బామ్మర్ది బండి ముట్టనని యాడ జెప్పిన?" అన్నాడు.

బండి పొగ పెట్టడానికి కారణం పిస్టన్ రింగులు అరిగిపోవడమేనట. సైదాబాద్‌లో నీకు అమ్మినాయన దానికి నూనె సరిగ్గా పోసిన పాపాన పోలేదట. సిలిండరును లేత్ మీద సాపు చేయించాలి. లేత్ ఉన్నది దిల్‌సుఖ్‌నగర్‌లో. బస్సు లేదు, ఆటో లేదు. సిమెంటు సంచిలో వేసి భుజాన పెట్టుకొని నడిచి పోయాడు. కొత్తపేట దగ్గర పోలీసులు ఆపి సంచిలో ఏముందన్నారట. ఇనుప ముద్ద బయటికి తీయగానే నలుగురు చుట్టుముట్టారట. మీ బావ భయపడకుండా అది ఏ బండిదో, ఎక్కడ అరిగిందో వివరించడం మొదలుపెట్టాడు. వాళ్లలో ఒకాయన బండి కూడా పొగ పెడుతుందట! పోయేటప్పుడు నడిచి పోయిన మనిషి వచ్చేటప్పుడు పోలీసు జీపులో దిగాడు. అరెస్టు చేశారేమోనని మా ప్రాణాలు పోయాయి.

"డిసెంబర్ల లింగస్వామి దిగేటాళ్లకు బండి తయ్యారుండాలె. ఒక్క సెల్ఫు కొడితె లేవాలె" అని పట్టుబట్టి కూర్చున్నాడు. నువ్వు ఆ పొడుగు హ్యాండిలు బండి కోసం ఎన్నేళ్లు కలవరించావో మా ఇద్దరికీ తెలుసు. ఫిబ్రవరిలో కొన్నావు, తుడిచిందే తుడిచావు, నడిపింది మాత్రం నాలుగు రోజులు. ఈసారి సెలవంతా దాని మీదనే తిరుగుదువు గాని. జవాబు రాయి.

నీ అక్క
యాదలక్ష్మి

—

కేరాఫ్ 99 ఏపీఓ
30 సెప్టెంబర్ 2011

అక్కకు, బావకు, అత్తమ్మకు దండాలు.

నీ ఉత్తరం అందింది. మిక్సీ దగ్గర నవ్వు ఆగలేదు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వానలు ఇంకా తగ్గలేదు. కొండ జారి రోడ్డు మీద పడితే, రాళ్లు తీసేదాకా మా లారీలు ఎక్కడివక్కడే. పక్క మంచం మీద బీహార్ అతను పొద్దంతా పాటలు పాడతాడు. ఆపమంటే అలుగుతాడు, బాగుందంటే ఇంకోటి అందుకుంటాడు. ఏమనాలో తెలియక నిద్రపోయినట్టు పడుకుంటున్నాను.

ఒక మాట చెప్పాలి. బండి మీద ఇక కష్టపడవద్దని బావకు చెప్పు. దాన్ని అమ్మేయండి. ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చేయండి, ముక్కలుగా అమ్మినా సరే. నాకు దానితో పని లేదు. డిసెంబర్‌లో సెలవు కూడా దొరకకపోవచ్చు. ఎదురు చూడకండి.

ఫోను చేయడం వీలు కావడం లేదు. ఏమీ అనుకోకు.

లింగస్వామి

—

ఎల్బీనగర్
10 అక్టోబర్ 2011

లింగస్వామికి,

ముందు 'తమ్ముడు' అని రాయలేదు, గమనించు. కవర్లో జమ్మి ఆకు పెట్టాను. కోపం కోపమే, పండుగ పండుగే.

దసరాకు ఇంట్లో జరిగింది చెప్తాను, విని నువ్వే న్యాయం చెప్పు. ప్రతి ఏడూ మీ బావ డిపోలో ఆయుధ పూజ చేసి ఇంటికి కొబ్బరి చిప్ప తెచ్చేవాడు. ఈసారి డిపో గేటు మూసి ఉంది. అందుకని అత్తమ్మ వరండాలోనే పూజ పెట్టించింది. పాత చీర పరిచి, నీ బండి ముక్కలన్నీ వరుసగా పేర్పించింది. పెద్ద ముక్కకు పెద్ద బొట్టు, చిన్న ముక్కకు అగ్గిపుల్లతో చిన్న బొట్టు, గంధం మీద కుంకుమ. గింజంత ముక్కను కూడా వదల్లేదు. "సిన్నదని ఇడ్సిపెడితె అలుగదా?" అన్నది. పానాలకు బొట్టు, టైరు కింద నిమ్మకాయలు. బతుకమ్మ మొన్ననే చౌరస్తాలో నడిరోడ్డు మీద ఆడి వచ్చాం, ఇంకా కాళ్లు లాగుతున్నాయి, అయినా నేనూ వంగి వంగి అక్షింతలు వేశాను.

మర్నాడు మీ బావ అన్నీ తుడుచుకొని బిగించాడు. సాయంత్రానికి బండి బండి రూపానికి వచ్చింది. నిజంగా చెప్తున్నా, కొత్త పెళ్లికొడుకులాగా మెరిసింది. సెల్ఫు కొడితే గరగరమన్నది, లేవలేదు. మళ్లీ కొట్టాడు. లేవలేదు. డిపో దోస్తులు వచ్చారు. ఒకరు కాయిల్ అన్నారు, ఒకరు టైమింగ్ అన్నారు. లచ్చయ్య అయితే, "కూసోని కూసోని చెయ్యి మొద్దువారిందిరా సీతారాములూ" అని నవ్వాడు. వాళ్లది ఎగతాళే, కానీ మీ బావకు ఎక్కడో తగిలింది. అన్నం ముందు కూర్చొని చేతులు చూసుకుంటున్నాడు. "సమ్మె అయినంక డిపోల ఏ మొఖం బెట్టుకోని పానా పడ్తనో" అన్నాడు.

సరిగ్గా ఆ మర్నాడే పోస్టుమాన్ నీ ఉత్తరం ఇచ్చాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు! "ముక్కలుగా అమ్మినా సరే" అని రాస్తావా? ముక్కలు చేసింది ఎవరు? నీకోసం సంచి మోసింది ఎవరు? మీ బావ చదివి, మడత పెట్టి నా చేతిలో పెట్టాడు. "పిలగానికి నా పని మీద నమ్మకం లేనట్టుంది" అన్నాడు, అంతే.

నిన్ను చంకన వేసుకొని పెంచినదాన్ని. నువ్వు అబద్ధం ఆడితే నీ మాటలు పొట్టివవుతాయి. ఈ ఉత్తరం చాలా పొట్టిగా ఉంది. కారణం చెప్పకుండా అమ్మేయమంటే నేను అమ్మను. తుప్పు పట్టినా సరే, నా వరండాలోనే పడుతుంది.

యాదలక్ష్మి

—

కేరాఫ్ 99 ఏపీఓ
17 అక్టోబర్ 2011

అక్కా,

బావ మీద నమ్మకం లేక కాదు. ఒట్టు. లారీ స్టీరింగ్ ముందు నన్ను మొదట కూర్చోబెట్టిందే ఆయన. ఆయన నేర్పిన పని మీద అనుమానం ఉంటే నేను ఇన్నేళ్లు ఈ కొండల్లో ధైర్యంగా లారీ నడిపేవాడిని కాదు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించు.

నా మనసే మారింది. బండి లేవకపోతే పోనీ, మీకు కూడా దాని మీద ఆశ పోతుంది. అక్కా, ఇంకో సంగతి. కొన్ని నెలల్లో నా నౌకరీ అయిపోవచ్చు. అయినా నేను హైదరాబాద్ రాను. ఇక్కడే ఏదో ఒక పని చూసుకొని ఉండిపోదామనుకుంటున్నాను. వచ్చి నీ ముందు నిలబడే ధైర్యం నాకు లేదు. కారణం ఇప్పుడు అడగకు. ఇది ఒకరోజు తీసుకున్న నిర్ణయం కాదు.

జమ్మి ఆకు అందింది. కళ్లకద్దుకున్నాను.

లింగస్వామి

—

ఎల్బీనగర్
25 అక్టోబర్ 2011

తమ్ముడు లింగస్వామికి,

దీవెనలు. బండి లేచింది! ఆ మాట ముందు రాయకపోతే నా చేయి ఆగేట్టు లేదు.

లేపింది ఎవరనుకున్నావు? పక్కింటి కౌసల్యమ్మ గారు. తెనాలి వాళ్లు, నీకు బొబ్బట్లు కట్టి పంపింది కదా, ఆవిడ. ఈ గొడవలు మొదలైనప్పటి నుంచి మేమిద్దరం రాజకీయం మాట్లాడుకోం, కూరలు మార్చుకుంటాం. గోడ మీద గిన్నె పెట్టడానికి వచ్చి, మీ బావ అవస్థ చూసింది.

"అన్నయ్యగారూ, పండగనాడు పిన్నిగారు ఆ బుల్లి బుల్లి ముక్కలక్కూడా బొట్లు పెట్టారు కదండీ. బిగించేముందు కడిగారా మరి?"

మీ బావ వెంటనే పానా అందుకొని మళ్లీ విప్పాడు. కార్బొరేటర్‌లో జెట్ అని ఒక చిన్న ఇత్తడి ముక్క ఉంటుందట, పెట్రోలు దారమంత సన్నగా దిగేది అందులోంచే. అత్తమ్మ అగ్గిపుల్ల బొట్టు సరిగ్గా ఆ రంధ్రం మీదనే పడింది. గంధం ఎండి గట్టిపడింది. మీ బావ పైపైన తుడిచాడు, లోపలిది కనిపించలేదు. వైరులోంచి ఒక రాగి పోగు లాగి గుచ్చితే ఎర్రటి పొడి రాలింది. ఒక్క సెల్ఫు, అంతే! వీధంతా వినబడింది. మీ బావ కళ్లు తుడుచుకున్నాడు, కళ్లలోకి పొగ పోయిందన్నాడు. ఆ బండికి ఇప్పుడు పొగ ఎక్కడిది? అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దేవుని బొట్టు అడ్డమొచ్చుడేంది? తుడ్సెటోనికి సక్కగ తుడ్వరాలే" అన్నది. నేను కౌసల్యమ్మ గారికి సకినాలు పంపించాను. ఆమె రుణం సకినాలతో తీరేది కాదు.

బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. మీ బావ డిపోకు పోతున్నాడు. తెలంగాణ ఇంకా రాలేదు, జీతం ఇంకా రాలేదు, నీ బండికి మాత్రం ప్రాణం వచ్చింది.

ఇక నీ సంగతి. నీ ఉత్తరం అత్తమ్మ నాతో రెండుసార్లు చదివించుకొని తీర్పు చెప్పింది. "పిలగాడు ఆడ పిల్లను జూసుకున్నడు. మొఖం సూపెట్టనీకి సిగ్గువడుతున్నడు." నాకు ఆ రోజంతా కోపంగానే ఉంది. తెల్లారేసరికి పోయింది. ఎవరి పిల్లయితేనేం రా, నీకు నచ్చిన పిల్ల. తెలుగు రాకపోతే నేను నేర్పుతాను. గోంగూర తింటదా, ఆ ఒక్క సంగతి అడిగి రాయి. మీ బావ ఇంకో హెల్మెట్ కొంటానంటున్నాడు. దీనికోసం నువ్వు అక్కడే ఉండిపోవాలా? నా ముందు నిలబడటానికి నీకు ధైర్యం ఎందుకు? తిడతాను, తర్వాత అన్నం పెడతాను. ఎప్పుడూ చేసేది అదే కదా.

రేపు దీపావళి. నీ పేరున ఒక దీపం ఎక్కువ పెడతాను.

అక్క

—

ఎల్బీనగర్
12 నవంబర్ 2011

నా తమ్ముడికి,

నిన్నటి నుంచి నాలుగు కాగితాలు చింపాను. ఇది చింపకుండా పంపుతాను.

మీ యూనిట్‌లో పనిచేసే అబ్దుల్లాపూర్‌మెట్ వీరేందర్ సెలవు మీద వచ్చాడు, ఆదివారం మా ఇంటికి వచ్చాడు. నేను సంబరంగా చాయ్ ఇచ్చాను. "లింగస్వామి కాలు ఎట్లున్నదంటున్నడక్కా ఇప్పుడు?" అన్నాడు. "ఎవల కాలు?" అన్నాను. అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నాకు తెలుసనుకున్నాడు పాపం. అతన్ని ఏమీ అనకు.

అంతా చెప్పించుకున్నాను. కొండ జారినప్పుడు నువ్వు ముందు లారీలోని కుర్ర జవానును బయటికి లాగావని, రాయి నీ ఎడమ పాదం మీద పడిందని, వేళ్లన్నీ తీసేశారని, సెప్టెంబర్ నుంచి అస్సాంలో మిలిటరీ దవాఖానలో ఉన్నావని. ఇంటికి చెప్పవద్దని నువ్వే ఆఫీసర్ల చేతులు పట్టుకున్నావని. పక్క మంచం బీహార్ అతను బ్యారక్ మనిషి అనుకున్నాను నేను. నువ్వు అక్కడ అట్ల పడి ఉంటే గోంగూర తింటదా అని రాశాను. ఆ ఉత్తరం నీ చేతిలో పడిందేమోనని తలచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

ఏడ్చాను. దాచడానికి ఏముంది? నువ్వు బతికి ఉన్నావని మొక్కాను కూడా. ఆ రాయి ఇంకో జానెడు పైన పడి ఉంటే నేను ఎవరికి రాసేదాన్ని?

మీ బావ సంగతి విను. వీరేందర్ చెప్పేదంతా నిలబడి విన్నాడు. రెండే ప్రశ్నలు అడిగాడు. "ఏ కాలు?" అన్నాడు. ఎడమది. "మడిమె మంచిగున్నదా?" అన్నాడు. మడమ బాగుంది, పాదం కూడా చాలా వరకు ఉంది అన్నాడు అతను. మీ బావ తల ఊపి వరండాలోకి పోయి నీ బండి ముందు కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. పిల్లవాడి కాలు పోయిందంటే ఈయనకు బండి కావలసి వచ్చిందా అని అరిచాను. అప్పుడు అన్నాడు, "వాడు బండి ఎందుకు అమ్ముమన్నడో ఇప్పుడు సమజయ్యిందా? గేరు ఎడమ కాలుతోనే ఎయ్యాలె. మొదటి గేరు తొక్కుడు, మిగిలినయన్ని వేళ్లతోని ఎత్తుడు. ఎత్తుడు లేకుంట జెయ్యాలె."

డ్యూటీ దిగి రావడం, చంపాపేట్‌లో పాత సామాన్ల దుకాణాలు తిరగడం. చివరికి పాత బండి గేరు రాడ్ ఒకటి పట్టుకొచ్చాడు, ముందూ వెనకా పట్టీలు ఉండేది. వెనక పట్టీని మడమతో తొక్కితే పై గేర్లు పడతాయి, ఎత్తే పనే లేదు. ముందు పట్టీని కోయించి దగ్గరికి జరిపి వెల్డింగ్ పెట్టించాడు, పాదం మధ్యభాగంతో తొక్కడానికి. బిగించి చూశాడు, పనిచేసింది. నేను బాగుందన్నాను. ఆయనకు తృప్తి లేదు. "నాకు వేళ్లున్నయి గదా, నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

మరి ఏం చేశాడో తెలుసా? ఎడమ కాలి వేళ్లన్నీ కిందికి మడిచి, అత్తమ్మ పాత చీర పేలికతో గట్టిగా కట్టి, పైన పెద్ద బూటు తొడిగి బండెక్కాడు. విజయవాడ రోడ్డు మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాకా పోయి వచ్చాడు. హయత్‌నగర్ దగ్గర ఒకసారి గేరు పడలేదట. వచ్చి, పట్టీని ఇంకొంచెం వంచి, అదే కట్టుతో మళ్లీ పోయాడు. ఈసారి కుంటుకుంటూ దిగి నవ్వాడు. "పడుతున్నది. ప్రతి గేరూ పడుతున్నది" అన్నాడు. కట్టు విప్పితే వేళ్లు కమిలి నల్లబడ్డాయి. అత్తమ్మ తిట్టుకుంటూ కాపడం పెట్టింది.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మనిషి నాకు మూరెడు పూలు తేలేదని ఎన్నిసార్లు నీతో అన్నాను. ఇక అనను.

నువ్వు రానంటే బండి మీద తానే అస్సాం వస్తానంటున్నాడు. నన్ను వెంట రమ్మంటున్నాడు. ఆ పని మాకు పెట్టకు తమ్ముడూ. ఇంటికి రా.

నీ అక్క

—

అస్సాం, మిలిటరీ దవాఖాన
26 నవంబర్ 2011

అక్కకు, బావకు, అత్తమ్మకు కాళ్లు మొక్కి రాస్తున్నాను.

ఈసారి ఎక్కడున్నానో పైన రాశాను. నీ ఉత్తరం చదివి ఏడుస్తుంటే పక్క మంచం అతను పాట ఆపేశాడు. ఏమైందని అడిగాడు. నాకు వచ్చిన హిందీలో బావ వేళ్లు కట్టుకున్న సంగతి చెప్పాను. అతను వార్డు అంతా చెప్పాడు. ఇప్పుడు ఇక్కడ మోకాళ్లు విరిగినవాళ్లు, చేతులు పోయినవాళ్లు అందరూ "నీ జీజాజీ ఎట్లున్నాడు" అని బావ సంగతే అడుగుతున్నారు.

అక్కా, నేను దాచింది నీ కన్నీళ్లకు భయపడి అనుకుంటావు. అది సగమే. వరండాలో కుర్చీ వేసుకొని, నడపలేని బండిని చూస్తూ కూర్చునే మనిషినవుతానని భయపడ్డాను. అందుకే బండి పోవాలనుకున్నాను, మీకు దూరంగా ఉండాలనుకున్నాను. ఇక్కడ నడక నేర్పే ఆయన రోజూ వచ్చేవాడు. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాడిని. కాలు చూసుకోవాలంటేనే నాకు అసహ్యంగా ఉండేది. నీ ఉత్తరం చదివిన రోజు నేనే ఆయన్ని పిలిచాను. మంచం పట్టుకొని లేచాను. తలుపు దాకా పోయి కూలబడ్డాను. మర్నాడు వరండా దాకా పోయాను. ముందు భాగంలో మెత్త పెట్టిన బూటు ఇచ్చారు, ఇప్పుడు కర్ర లేకుండా మెస్సు దాకా పోయి వస్తున్నాను.

అందరూ నన్ను చూసి అయ్యో అన్నారు. నా కాలు లోపలి నుంచి ఎట్ల ఉంటుందో తెలుసుకోవాలని తన కాలును నొప్పించుకున్నది బావ ఒక్కడే. ఆయనకు ఎట్ల చెప్పాలో నాకు తెలియదు. నా తరఫున నువ్వే చెప్పు, నేను ఈ జన్మకు ఆయనకు రుణపడి ఉన్నానని. అత్తమ్మకు దండం పెట్టు. కౌసల్యమ్మ గారికి కూడా. నేను ఏ పిల్లనూ చూసుకోలేదు గాని, చూసుకున్నాననుకొని కూడా రమ్మన్నావు చూడు, దానికి నీకూ దండం.

గేరు బొమ్మ గీసి డాక్టరుకు చూపించాను. ముందు మెల్లగా, ఖాళీ రోడ్డు మీద అన్నాడు. అంటే సరే అన్నట్టే.

డిసెంబర్ పదిహేడు పొద్దున సికింద్రాబాద్‌లో దిగుతున్నాను. నువ్వు, అత్తమ్మ ఆటోలో రండి, నా పెట్టె అందులో వేసుకోండి. బావను బండి మీద రమ్మను. నాగోలు దాకా బావ నడుపుతాడు. అక్కడి నుంచి ఇంటిదాకా నేను.

నీ తమ్ముడు
లింగస్వామి